సెంటర్ పిన్ను: పాత వీడియో గేమ్ పుస్తకాల మీద మీ ప్రశ్నలు

పాత వీడియో గేముల పెట్టెల్లో వచ్చే మాన్యువల్ పుస్తకాలు పోగేస్తుంటానని పోయిన నెల ఇక్కడ రెండు ముక్కలు రాశాను. పదకొండు ఉత్తరాలొచ్చాయి. ఈ శీర్షికకు అది గంగజాతర కిందే లెక్క. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను తిరుపతిలో 31 ఏండ్లు ఆఫ్‌సెట్ ప్రింటింగ్ మిషన్ మీద పనిచేసినవాణ్ణి. ఆటలు నాకు రావు, మారియోను మొదటి గుంత కూడా దాటించలేను. నా చూపంతా కాగితం, సిరా, పిన్ను మీదే.

మా మామ కువైట్ నుంచి వస్తూ గేమ్ బాయ్ అని, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ మిషను తెచ్చాడు. అది ఎప్పుడో పాడైంది. మొన్న అటక దులిపితే దాంట్లో ఆడే టెట్రిస్ ఆట పుస్తకం ఒకటి దొరికింది. దీనికి రేటు ఎంతుంటుంది? పాత పేపర్లవాడికి వేసేయమంటోంది మా ఇంటామె.
– ఒక పాఠకుడు, పుత్తూరు

వేసేయొద్దు నాయనా. అట్లని అది అమ్మి స్కూటర్ కొందామనీ అనుకోవద్దు. 1989లో గేమ్ బాయ్ అమెరికాలో దిగినప్పుడు టెట్రిస్‌ను పెట్టెలోనే కలిపి అమ్మారు. మిషను కొన్న ప్రతివాడికీ ఆ పుస్తకం ఊరికే వచ్చింది. మన ఇండ్లలో లడ్డు కవర్లు ఉన్నట్టు అక్కడ ఇంటింటా ఉండేది. డబ్బు మాట పక్కనపెట్టి, అట్ట మీద డీఎంజీ అని మొదలయ్యే కోడ్ ఉందేమో చూడు. డాట్ మ్యాట్రిక్స్ గేమ్ అని, గేమ్ బాయ్ సరుకుకు దాన్ని తయారుచేసిన నింటెండో కంపెనీ పెట్టుకున్న గుర్తు అది. కోడ్ చివర యూఎస్‌ఏ అని ఉంటే అమెరికా కోసం వేసింది.

తర్వాత పేజీలు లెక్కపెట్టు. సెంటర్ పిన్ను, అంటే నడిమి మడత మీద పిన్ను కొట్టిన పుస్తకంలో అట్టతో కలిపి పేజీలు నాలుగుతో భాగించినప్పుడు శేషం రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో ఆకు చిరిగినట్టే. నడిమి షీటు మొత్తం ఊడిపోతే మాత్రం ఈ లెక్కకు దొరకదు. అప్పుడు పిన్ను దగ్గర పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా చూసుకోవాలి. అన్నీ ఉంటే మీ ఇంటామెకు నా తరఫున చెప్పు, చిన్న పుస్తకమే, బీరువాలో ఒక మూలన పడుంటుందని.

ఇప్పుడు ఆటలోనే అన్నీ నేర్పిస్తారు కదండీ. మరి అప్పుడు ఈ పుస్తకాలు దేనికి? ఆటే ఆడని మీరు వీటి వెంట ఎట్లా పడ్డారు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, పీలేరు

కొంచెం పొడుగవుతుంది తల్లీ, ఓపిక పట్టు.

1996 ఎండాకాలం. గాంధీ రోడ్డు వెనక సందులో మా ప్రెస్సు. పెళ్లిపత్రికల సీజను, తల ఎత్తే తీరిక లేదు. పదమూడేళ్ల పిల్లోడొకడు వచ్చి చొక్కాలోంచి చిన్న పుస్తకం తీశాడు. "అన్నా, ఇట్లాంటిది ఇంకొకటి వేసిస్తారా? ఒక్కటి చాలు." సూపర్ మారియో బ్రదర్స్ మాన్యువల్ అది. స్నేహితుడి చిన్నాయన అమెరికా నుంచి పంపాడంట. వీడు అడిగి తెచ్చుకుని, దాని మీద సాంబారు ఒలకబోసుకున్నాడు. ఒక్క కాపీకైనా నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చేయాలి, రంగులు సరిగ్గా కుదిరేదాకా వంద షీట్లు పాడవుతాయి, మీ నాయన జీతం చాలదురా అన్నాను. వాడి కండ్లలో నీళ్లు తిరిగాయి. సరే, పొయ్యి ఉన్నదున్నట్టు చెప్పు, తంతే తన్నించుకో అని పంపాను. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. స్నేహితుడు తన్నలేదు, "సాంబారు వాసనొస్తాంది, నువ్వే పెట్టుకో" అన్నాడంట. వీడేమో దాన్ని నాకిచ్చి పరుగెత్తాడు. నా దగ్గరున్న మొదటి పుస్తకం అదే. ఏడో పేజీ ఇప్పటికీ పసుప్పచ్చగానే ఉంది.

ఆ రాత్రి చదివితే అందులో ఒక సంగతి తగిలింది. పుట్టగొడుగుల రాజ్యంలో జనాలను శత్రువులు మంత్రం వేసి రాళ్లుగా, ఇటుకలుగా, మొక్కలుగా మార్చేశారంట. మా కొడుకు బర్మా బజారు నుంచి తెచ్చుకున్న డబ్బా గేములో రోజూ తల కొట్టి పగలగొట్టేవి ఇటుకలే గదా! వాడికి చెప్తే రెండు రోజులు ఆట మానేశాడు. మూడో రోజు మళ్లీ మొదలుపెట్టాడనుకో.

నువ్వడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీరు పొద్దున్నే వాట్సాప్‌లో పంపే దేవుడి బొమ్మ అంతకన్నా బరువు. కథ చెప్పడానికి అందులో చోటెక్కడిది? చెప్పాల్సిందంతా కాగితం మీదికి దిగింది. జెల్డా మొదటి ఆటలో వస్తువుల పట్టీ చూపించి, వివరాలకు మాన్యువల్ చూడండని తెరమీదే వేసేశారు. మెట్రాయిడ్ అనే ఆట పుస్తకమైతే ఇంకా గడుసుది. ఆటలో కవచం తొడుక్కున్న వీరుణ్ణి మొదటినుంచీ 'అతడు' అనే రాశారు. ఆట త్వరగా ముగించినవాళ్లకు చివర్లో ఆ కవచం తొలిగి ఆడమనిషి కనబడుతుంది. ముందే తెలియకుండా పుస్తకమే అబద్ధమాడిందన్నమాట. 1990లో వచ్చిన స్టార్‌ట్రాపిక్స్ అనే ఆటలో పుస్తకంతో పాటు ఒక ఉత్తరం పెట్టారు. ఆటలో ఒక చోట ఆ ఉత్తరాన్ని నీళ్లలో ముంచమంటారు. నిజంగానే ముంచితే 747 అనే అంకె తేలుతుంది. ఆ సిరాను ఎట్లా వేశారోనని నేను నెల రోజులు ఆలోచించాను.

మన కంప్యూటర్ సెంటర్లలో అందరూ ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాదీ ఇదే కత. మొదటి లెవెల్ దాటగానే ఒక గది, నేలమీద సీసాలు, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాటకు మొదటి అక్షరం ఏదో ఆ సీసానే తాగాలి. కాపీ ఫ్లాపీతో ఆడేవాడికి పుస్తకం యాడనుంచి వస్తుంది? అందుకే మావాడి తరం వాళ్లకు ఆ పుస్తకం అట్ట ఎట్లుంటుందో తెలియదు గానీ, పాత కంప్యూటర్ల డాస్‌లో ప్రిన్స్ మెగాహిట్ అని టైపు చేసి దొడ్డిదారిన పోవడం మాత్రం ఇప్పుడడిగినా చెప్తారు.

2010లో యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ వాళ్లు కాగితం మాన్యువల్ ఆపేస్తామని ప్రకటించారు. మిగతావాళ్లూ మెల్లగా అదే దోవ పట్టారు. అప్పటికి నేను కూడా మిషన్ దిగేసే వయసుకొచ్చాను.

ఆన్‌లైన్‌లో ఒరిజినల్ అని చెప్పి ఒక జెల్డా మాన్యువల్ అమ్మారు. కొత్తగా నిగనిగలాడుతోంది. అనుమానంగా ఉంది. ఎట్లా తెలుసుకోవడం?
– ఒక పాఠకుడు, చిత్తూరు

పది రెట్లు పెద్దగా చూపే లెన్సు కొనండి. చాలామంది బొమ్మ మీద పెట్టి చూస్తారు. మీరు నల్ల అక్షరం మీద పెట్టండి. అసలు పుస్తకంలో అక్షరాలు నల్ల ప్లేటు ఒక్కదానితోనే పడతాయి. అంచు కత్తితో కోసినట్టు, లోపల నిండు నలుపు. స్కాన్ చేసి మళ్లీ వేసినదాంట్లో అక్షరం కూడా ఫొటోయే. నీలం, గులాబీ, పసుపు చుక్కలు దాని చుట్టూ ఈగల మాదిరి ముసురుకుని ఉంటాయి. బొమ్మలో అయితే ఆఫ్‌సెట్ చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లాగా వరసగా కూర్చుంటాయి. ఇంక్‌జెట్‌వి ఇసక చల్లినట్టుంటాయి. పిన్నుకు తుప్పుందా అని చూసి మోసపోకండి. పాత పిన్ను తీసి కొత్త పుస్తకానికి గుచ్చడం మా ప్రెస్సులో ఆఫీసు బాయ్‌కి కూడా వచ్చు.

నకలు దగ్గర పెట్టుకోవడం తప్పు కాదు. చదువుకోవడానికి అది చాలు. అసలుదని చెప్పి అసలు రేటు గుంజడమే తప్పు.

మా ఆయన దాచుకున్న గేమ్ పుస్తకాలు వానకు తడిశాయి. ఎండలో పెట్టమంటారా?
– గృహిణి, తిరుపతి

వద్దమ్మా! ఎండలోనూ వద్దు, ఇస్త్రీపెట్టె అసలే వద్దు. ఇవి ఎక్కువగా ఆర్ట్ పేపర్. నున్నగా ఉండటానికి పైన సుద్ద పూత ఉంటుంది. తడిసినప్పుడు అది జిగురవుతుంది, ఆరినప్పుడు పేజీలు ఒకదానికొకటి కరుచుకుపోతాయి. 2021 నవంబరు వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు పారాయి. కింది అరలోని 23 పుస్తకాలు తడిశాయి. అన్నీ తెలిసినవాణ్ణేనని నాకు పొగరు. 9 పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం ఎత్తి ఆరబెట్టాను. 9 కలిసి ఒక్క ఇటుకయ్యాయి. మారియో పుస్తకంలో చెప్పినట్టే. సాంబారు పుస్తకం పై అరలో ఉండబట్టి బతికింది.

మిగిలిన 14 ఎట్లా దక్కాయంటే, ఆరకముందే ఒక్కోదాన్ని బటర్ పేపర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పడుకోబెట్టాను. గడ్డకట్టిపోతే పేజీలు అతుక్కోవు, బూజు పట్టదు, మనకు వ్యవధి దొరుకుతుంది. తర్వాత రోజుకొకటి బయటికి తీసి, పేజీ పేజీకి మధ్య అచ్చులేని తెల్లకాగితం పెట్టి, తడి పీల్చినప్పుడల్లా మార్చి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. మా ఇంట్లో రెండు వారాలు ఐస్‌క్రీముకు చోటు లేదు. మనవడు మాట్లాడటం మానేశాడు.

ఆరాక లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేప్ వేయొద్దు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కూడా వద్దు, కొన్నాళ్లకు అవి అచ్చును పీకేస్తాయి. పాలీప్రొపిలీన్ కవరు అని అడిగి తీసుకోండి.

నేను కొన్న మాన్యువల్ వెనక పేజీల్లో ఎవరో పెన్నుతో రాసేశారు. తుడిచే మందు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, మదనపల్లె

ఉన్నా చెప్పను. వెనక మెమో అని ఖాళీ పేజీలు పెట్టిందే రాసుకోవడానికి. నాకు చెన్నైలో ఫుట్‌పాత్ మీద దొరికిన మెట్రాయిడ్ పుస్తకంలో, ఆపిన చోటు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే 24 అక్షరాల పాస్‌వర్డ్ ఉంది. కింద తమిళంలో 'అమ్మాకిట్ట సొల్లాదే' అని రాసుంది. అమ్మకు చెప్పొద్దంట. ఆ పాస్‌వర్డ్‌లో రెండు చోట్ల గుండ్రటి అక్షరం ఉంది. అది సున్నానో, పెద్ద ఓనో, చిన్న ఓనో తెలియదు. ఇంకోచోట నిలువు గీత ఉంది. అది ఒకటో, పెద్ద ఐయో, చిన్న ఎల్లో తెలియదు. మొత్తం 27 విధాలని మనవడు లెక్కగట్టాడు. ఆదివారం ఆదివారం కూర్చుని కొడతాన్నాం. 19 అయ్యాయి.