సంస్కృతం చదవబోతున్న మేనకోడలికి

అమ్మా,

విజయనగరంలో సంస్కృతం బీఏలో చేరుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చిన్న కాలేజీ, క్లాసులో పట్టుమని పదిమంది లేరని దాని టెన్షన్. నాకైతే అదే సంతోషం. అంత తక్కువమంది ఉన్నచోట గురువుగారు "నువ్వు చదువు, అన్వయం చెప్పు" అని, అంటే శ్లోకంలో మాటలు వరసలో పెట్టి అర్థం చెప్పమని, రోజూ నిన్నే అడుగుతారు. తప్పు చెప్పినా సరే, నోరు విప్పు.

శబ్దాలు (నామవాచకాల విభక్తి రూపాలు), ధాతువులు (క్రియల మూలరూపాలు) మొదటి ఏడాదే కంఠతా రావాలి. పొద్దున్నే పైకి చదువు, దానికి వేరే దారి లేదు. దేవనాగరి కూడా ధారాళంగా చదవడం నేర్చుకో, మంచి ముద్రణలు చాలావరకు ఆ లిపిలోనే ఉన్నాయి.

కావ్యం మాత్రం నిదానంగా చదవాలి. కాళిదాసు రఘువంశం మొదటి శ్లోకమే చూడు. "వాగర్థావివ సంపృక్తౌ వాగర్థప్రతిపత్తయే, జగతః పితరౌ వందే పార్వతీపరమేశ్వరౌ." ముందు క్రియ పట్టుకో: వందే, నమస్కరిస్తున్నాను. ఎవరికి? పార్వతీపరమేశ్వరులకు. ఎలాంటివాళ్లు? జగతః పితరౌ, లోకానికి తల్లిదండ్రులు. ఎలా కలిసి ఉన్నారు? మాటా అర్థంలా. ఎందుకు నమస్కారం? ఆ మాటా అర్థమూ బాగా తెలియడానికి. ఇలా ప్రశ్నలు వేసుకుంటూ పోతే శ్లోకం దానంతటదే విడిపోతుంది. ఆ తర్వాతే మల్లినాథుడి వ్యాఖ్య తెరువు. "పితరౌ" అంటే ఇద్దరు తండ్రులు కాదు, తల్లీతండ్రీ అని పాణిని సూత్రం చూపించి చెబుతాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మొదట్లోనే మాటిచ్చిన వ్యాఖ్యాత ఆయన, పైగా మన తెలుగువాడు. గైడు ముందు తెరిచావో, ఈ ఆనందమంతా పోతుంది. దాన్ని పరీక్షల వారానికి ఉంచుకో.

తెలుగు వదలొద్దు. శ్రీహర్షుడి నైషధం పాఠంగా వస్తే పక్కనే, దాన్ని తెలుగు చేసిన శ్రీనాథుడి శృంగారనైషధం పెట్టుకుని, ఒక్కొక్క పద్యం సరిపోల్చి చూడు. ఎక్కడ దగ్గరగా నడిచాడో, ఎక్కడ తన దారి పట్టాడో నీకే తెలుస్తుంది.

"ఈ కాలంలో సంస్కృతమా?" అని బంధువులు అడుగుతారు. 1860లోనే సంస్కృత కళాశాల పెట్టిన ఊరది. మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణకు డబ్బిచ్చింది అక్కడి ఆనందగజపతి మహారాజే. వాళ్లకు ఆ మాట చెప్పు. ఉద్యోగం సంగతీ దాచను: ఎంఏ, బీఈడీ, లెక్చరర్ ఉద్యోగానికి రాసే నెట్ పరీక్ష దాకా వెళ్లాలనే లెక్కతో చదువు, ఇంగ్లీషు పక్కన పెట్టకు.

సిలబస్‌లో కావ్యంలోని ఏ సర్గ (అధ్యాయం) పెట్టారో ఉత్తరం రాయి. దసరాకి శ్రీకాకుళం వచ్చేటప్పుడు పుస్తకం తెచ్చుకుంటే, రోజూ కాసేపు ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ మావయ్య