ఓటీపీ నేనెవరికీ చెప్పలేదండీ!

ప్రశ్న: మా బంధువు వాట్సాప్ నుంచి ‘ఆర్‌టీఓ చలానా’ అని ఒక ఫైల్ వచ్చింది. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది. రూపాయి కట్టమని కార్డు వివరాలు అడిగింది, ఇచ్చాను. ‘ఎర్రర్’ అని వస్తే మూసేశాను. తెల్లారేసరికి ఖాతాలో డబ్బు లేదు. ఓటీపీ నేనెవరికీ చెప్పలేదు. బ్యాంకు వాళ్లు నమ్మడం లేదు. - రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు చెప్పలేదు. మీ ఫోన్ చెప్పింది.

ఇదే ఉత్తరం చిన్న చిన్న మార్పులతో నాకు వస్తూనే ఉంది. ఒకరికి చలానా అని వస్తుంది, ఒకరికి పెళ్లి పత్రిక అని, రైతులకైతే పీఎం కిసాన్ అని. పేరు ఏదైనా చివర ‘డాట్ ఏపీకే’ అని ఉంటుంది. అది చదువుకునే కాగితం కాదు, ఫోన్‌లో దిగే యాప్. పెళ్లికి పిలవడానికి యాప్ ఎందుకు? పంపింది మన బావమరిదే కదా అనుకుంటాం. ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో పడి ఉంటుంది. అందులోని నంబర్లన్నిటికీ ఆ ఫైల్ తనంతట తనే వెళ్తుంది. మీ ఫోన్ నుంచి ఎంతమందికి వెళ్లిందో ఒకసారి చూసుకోండి. ముందు వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

లోపల జరిగింది ఇది. కార్డు వివరాలు మీరు ఆ యాప్‌లోనే నింపారు. అది ఎస్సెమ్మెస్ అనుమతి అడిగితే ‘అలౌ’ నొక్కి ఉంటారు. ఇక బ్యాంకు పంపే ప్రతి ఓటీపీ మీకంటే ముందు అవతలివాడికి చేరుతుంది. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఐకాన్‌ను దాచేస్తాయి కాబట్టి స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. సెట్టింగ్స్‌లో యాప్‌ల పూర్తి జాబితా తెరిస్తే పేరు లేకుండానో, ‘కస్టమర్ సపోర్ట్’ లాంటి పేరుతోనో కూర్చుని ఉంటుంది.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇంకోటుంది. యాక్సెసిబిలిటీ అనుమతి. చూపు సరిగ్గా లేనివాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు సహకరించని వాళ్ల తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన మంచి సదుపాయం అది. అదే అనుమతి దొంగ యాప్‌కి ఇచ్చామంటే మీ తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు అదే నొక్కుతుంది. అన్‌ఇన్‌స్టాల్ చేద్దామని వెళ్తే ఆ పేజీని కూడా మూసేయగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి, ప్లే స్టోర్ బయట నుంచి తెచ్చిన యాప్‌లకు ఈ అనుమతి సులువుగా దొరక్కుండా అడ్డు పెట్టారు. మోసగాళ్లు దానికీ సందు వెతుక్కున్నారు. మీ ఫోన్‌లో ఈ అనుమతి ఏయే యాప్‌లకు ఉందో ఈరోజే తెరిచి చూడండి. మీరు కావాలని పెట్టుకోనిది ఏదున్నా ఆపేయండి.

ఇలాంటిది జరిగిన వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. వైఫై కూడా ఆపాలి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఆపించాలంటే ప్రతి నిమిషమూ లెక్కే. చాలామంది కంగారులో అదే ఫోన్‌లో పాస్‌వర్డులు మార్చేస్తుంటారు. కొత్త పాస్‌వర్డును దొంగ చేతికి స్వయంగా అందించడమే అది! ఆ ఫైల్ వచ్చిన మెసేజ్‌ను ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి దాచుకున్నాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే అందులో ఉన్నదంతా చెరిపేయండి. కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటారేమోనని అనుమానం ఉంటే ##002# డయల్ చేస్తే ఆ మళ్లింపులన్నీ రద్దవుతాయి.

బ్యాంకుతో మాటలతో సరిపెట్టకండి. రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. ఖాతాదారుడి నిర్లక్ష్యం వల్ల పోయినా, ఫిర్యాదు చేశాక పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదేనని 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. అందుకే ఫిర్యాదు ఏ గంటకు చేశారన్నది ముఖ్యం.

ఇక తప్పంతా మాస్టారిదే అనడానికి నాకు మనసొప్పదు. తక్కువ ధర ఫోన్ కొంటే పెట్టెలోంచి తీసిన రోజు నుంచే అడగని యాప్‌లు, ‘అలౌ’ నొక్కితేగానీ కదలని తెరలు. టార్చిలైటు యాప్‌కి కూడా కాంటాక్టులు కావాలట! అసలు ప్రమాదం వచ్చినప్పుడు కనిపించే హెచ్చరికా అలాగే ఉంటుంది, అదే అక్షరాలు, అదే బటన్. రోజుకు పదిసార్లు నొక్కినవాడు పదకొండోసారి మాత్రం ఆగుతాడా? కొన్ని ఫోన్లలో బయటి యాప్‌లను పూర్తిగా అడ్డుకునే స్విచ్ ఉంది. కానీ దాన్ని మెనూల అడుగున ఎక్కడో దాచి, కొన్నిటిలో ఆఫ్‌లో పెట్టి ఇస్తారు. తల్లిదండ్రులకు ఫోన్ కొనిచ్చే పిల్లలు రింగ్‌టోన్ పెట్టే ముందు ఆ స్విచ్ వేస్తే బాగుంటుంది.

బ్యాంకుల సంగతి ఇంకా విచిత్రం. లింకులు నొక్కొద్దని ఒక మెసేజ్, దాని వెనకే పొట్టి లింకుతో లోన్ ఆఫర్! ఆ మధ్య నాకే ఒక బ్యాంకు నుంచి మామూలు పదంకెల నంబరుతో ఫోన్ వచ్చింది. ‘వెరిఫికేషన్ కోసం పుట్టిన తేదీ చెప్పండి సార్’ అన్నారు. ముందు మీరెవరో రుజువు చేసుకోండి అంటే ఆ అమ్మాయి నొచ్చుకుంది. బ్రాంచికి వెళ్లి అడిగితే అది అసలైన ఫోనే! నిజమైనవాళ్లు ఇలా దొంగల్లా మాట్లాడితే జనం తేడా ఎలా పట్టాలి? బ్యాంకుల కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, వెబ్‌సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కి మారాలని ఆర్‌బీఐ చెప్పాయి. వెబ్‌సైట్ల మార్పుకు ఆర్‌బీఐ పెట్టిన గడువు 2025 అక్టోబరు 31. మంచి పనే. కానీ ఈ రెండు గుర్తులూ ఖాతాదారులకు తెలిసేలా ఏ బ్రాంచి గోడ మీదా పోస్టరు చూడలేదు నేను.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నా ఇండియా సిమ్ గుంటూరులో నాన్నగారి ఫోన్‌లో రెండో సిమ్‌గా ఉంది. ఓటీపీ వస్తే ఆయన వాట్సాప్‌లో పంపుతారు. ప్రమాదమా?

జవాబు: అవును. పై ఉత్తరంలోని ఫైల్ ఆయన నొక్కితే పోయేది ఆయన డబ్బు ఒక్కటే కాదు, మీ ఎన్‌ఆర్‌ఐ ఖాతా కూడా. ఎస్సెమ్మెస్ అనుమతి ఉన్న యాప్ రెండు సిమ్‌ల మెసేజ్‌లూ చదువుతుంది. మీ బ్యాంకు అమెరికా నంబరుకు గానీ ఈమెయిల్‌కు గానీ ఓటీపీ పంపుతుందేమో అడగండి. లేకపోతే రోమింగ్ వేయించుకుని సిమ్ మీ దగ్గరే పెట్టుకోండి. అదీ కుదరకపోతే ఒక పాత బటన్ ఫోన్ కొనిచ్చి సిమ్ అందులో వేయించండి. ఓటీపీని ఆయన మీకు ఫోన్ చేసి చదివి చెబుతారు. అందులో ఏపీకే దిగదు.