కార్ల డీలర్‌షిప్ తరతరాలు నిలవాలంటే ఏం కావాలి?

తాతగారు పెట్టిన కార్ల డీలర్‌షిప్ ఇప్పుడు మీ చేతికొస్తోందని, ఇలాంటివి మూడు తరాలు ఎలా నిలిచాయో చెప్పమని అడిగారు. అలాంటి ఒక కుటుంబ షోరూమ్‌లో నేను పద్దెనిమిదేళ్లు సర్వీస్ చూశాను. అందుకే చెబుతున్నా, షోరూమ్ కంటే ముందు వెనకున్న రిపేర్ షెడ్డు చూసుకోండి.

కొత్త బండ్లు రావడం, రాకపోవడం డీలర్ చేతిలో ఉండదు. 1927 మేలో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి ఆపేసింది. దాని తర్వాతి మోడల్ ఎ డిసెంబరులో గానీ బయటికి రాలేదు. యుద్ధం వచ్చి 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనానికి కార్ల తయారీనే ఆపేశారు, మళ్లీ మొదలైంది 1945లో. ఆ మూడేళ్లూ డీలర్లను బతికించింది రిపేర్లూ, పాత బండ్ల బేరాలూ. 2009లో అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ దివాలా తీసినప్పుడు 789 డీలర్‌షిప్‌ల ఒప్పందాలు రద్దయ్యాయి. బోర్డు మీద ఇంటిపేరు ఎన్నేళ్లుగా ఉన్నా, ఒప్పందం కంపెనీదే. పైగా యార్డులో బండ్లన్నీ ఎక్కువగా అప్పు మీద తెచ్చినవే. అమ్ముడుపోని ప్రతి రోజూ వడ్డీ పెరుగుతుంది.

మా షోరూమ్ పెట్టిన పెద్దాయన దగ్గర అట్ట ఊడిపోయిన రిజిస్టర్లు ఉండేవి. బండికో పేజీ. షాసీ నంబరు, ఏ పార్టు ఎప్పుడు మార్చారు, పక్కన చిన్న అక్షరాలతో "ఎడమ తలుపు గట్టిగా వేస్తారు, చెప్పాలి" లాంటి మాటలు. ఒకసారి ఒకమ్మాయి చనిపోయిన వాళ్ల నాన్నగారి కారు తెచ్చింది. ఇంజిన్ వేడెక్కుతోంది. పేజీ తీస్తే, అదే రేడియేటర్ గొట్టం అంతకుముందు రెండుసార్లు మార్చినట్టుంది. మళ్లీ గొట్టం మార్చకుండా, దానికి రాసుకుంటున్న బ్రాకెట్‌ను సరిచేశాం. ఆ అమ్మాయి మాత్రం తలుపు గురించి రాసిన ఆ లైను మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. నాకూ గొంతు పూడుకుపోయింది.

తర్వాతి తరం కంప్యూటర్ పెట్టింది, మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాత వివరాలు చాలావరకు పోయాయి. నాకు ఇప్పటికీ బాధే.

అన్నదమ్ములుంటే, షోరూమ్ స్థలం ఎవరిది, వ్యాపారంలో ఎవరి వాటా ఎంత అనేవి ఇప్పుడే విడివిడిగా కాగితం మీద పెట్టుకోండి. మొదటి నెల క్యాబిన్‌లో కాకుండా, ఏ బండికి ఏ పని చేయాలో రాసే జాబ్ కార్డుల దగ్గర కూర్చోండి. మీ తాతగారి రిజిస్టర్లు ఏ అటక మీదైనా ఉన్నాయేమో ఇవాళే వెతికించండి.