పాపకు ఆరు నెలలు నిండుతున్నాయి కదా బిడ్డా

బిడ్డా,

వచ్చే వారం పాపకు ఆరు నెలలు. అన్నప్రాసన ముహూర్తం సంగతి మీ అత్తమ్మ చూసుకుంటుంది. నేను రాసేది ఆ మరుసటి రోజు నుంచి నువ్వు చూసుకోవాల్సిన సంగతి. ఇన్నేళ్లు అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచినదాన్ని. ఆరు నెలల దాకా బొద్దుగా ఉన్న పిల్లలే ఏడాది వచ్చేసరికి చిక్కిపోవడం ఎన్నో ఇళ్లలో చూశాను.

ముందు నీళ్ల గురించి. పాప నీ పాలే తాగినన్ని రోజులు, మన బోరు నీళ్లలో ఉండి పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ భయం పెద్దగా లేదు. తల్లి తాగే నీళ్లలో అది ఎక్కువున్నా పాలలోకి దిగేది చాలా తక్కువ. ఇప్పుడు జావ, అన్నం, మంచినీళ్లు మొదలవుతాయి కాబట్టి ఇక జాగ్రత్త నీ చేతిలో ఉంది. నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు పెరిగినదానివి, ఆ నీళ్లతో గార పట్టిన పళ్లు, వంకర కాళ్లు నీకు తెలియనివి కావు. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లకు పైపూత ఈ చిన్న వయసులోనే చిగుళ్ల లోపల తయారవుతుంది. అందుకని పాప తాగే నీళ్లే కాదు, పాపకు వండే నీళ్లు కూడా సర్కారు ఇచ్చే మిషన్ భగీరథ నల్లావే కావాలి. నల్లా రాని రోజు కోసం ఒక బిందె పట్టి మూత పెట్టి ఉంచు. బోరు నీళ్లు మరిగించి పోస్తే చాలనుకోవద్దు. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా ఎక్కువవుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడుకోవచ్చు.

ఇక తిండి. పాపకు పప్పు మీది తేట, పలచని గంజి పోసి కడుపు నిండిందనుకుంటారు. ఆ చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతే బలం ఎక్కడి నుంచి వస్తుంది? మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు కలిపి మెదిపి చెంచా నెయ్యి గానీ పల్లి నూనె గానీ వెయ్యి. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి, అంత చిక్కగా ఉండాలి. మొదట రెండు మూడు చెంచాలు చాలు, రోజుకు రెండు మూడు సార్లు. తొమ్మిదో నెలకు అర గిన్నె చొప్పున మూడు నాలుగు సార్లకు రావాలి. తైదల (రాగుల) జావలో కాల్షియం బాగా ఉంటుంది. మన ఫ్లోరైడ్ నేల మీద పెరిగే పిల్లలకు అది మరీ అవసరం. తోటకూర, మునగాకు ఉడికించి మెదిపి కలుపు. బాగా ఉడికిన గుడ్డు మెల్లగా అలవాటు చెయ్యి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించొద్దు, ఎవరు చెప్పినా సరే. నీ పాలు రెండేళ్ల దాకా ఆపకు.

చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం మన దగ్గర ప్రతి ఇంట్లో ఉంది. దాని మీద నాకు చాలా కోపం. కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ ఆరు నెలలకు తరిగిపోతుంది. తిండిలో వచ్చే కాస్త ఐరన్‌ను చాయ్ ఒంటికి పట్టనివ్వదు. పైగా చాయ్‌పత్తాలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. మీ మామయ్య ముద్దుకొద్దీ పెడతాడని తెలుసు. కోప్పడకుండా బత్తాయి రసమో, మెదిపిన అరటిపండో ఆయన చేతికే ఇచ్చి తినిపించమను. ఆశా వర్కర్ ఇచ్చే ఐరన్ సిరప్ కూడా వారానికి రెండుసార్లు తప్పకుండా వెయ్యి.

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి పిల్లలకు పెట్టే బాలామృతం పొడి ఇస్తారు, నెలకు రెండున్నర కిలోలు. అది పాప వంతు. ఇంట్లో అందరూ తలా పిడికెడు తింటే పదిహేను రోజులకే అయిపోతుంది. వేరే డబ్బాలో పోసి పెట్టు.

విరేచనాలైతే తిండి మాన్పించొద్దు, పాలు అసలే మాన్పించొద్దు. ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ బిళ్లలు పద్నాలుగు రోజులు వెయ్యాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపేస్తారు, నువ్వు ఆపకు. పాప నీరసంగా మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే దవాఖానకు తీసుకుపో. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా సూది, విటమిన్ ఎ చుక్కలు ఉన్నాయి.

తినిపించేటప్పుడు ఫోన్ చేతికివ్వకు. పేరు పెట్టి పిలువు, కాకిని చూపించు, పాప చేసిన శబ్దానికి నువ్వూ బదులివ్వు. మాటలు వచ్చేది అలాగే. తొమ్మిది నెలలకు కూడా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, నడక వచ్చాక కాళ్లు వంకరగా పడుతున్నా డాక్టరుకు చూపించు. పెద్దయితే అదే సర్దుకుంటుందని ఎవరన్నా అంటే వినకు.

ఈ నెల తూకం అయ్యాక కార్డులో బరువు గీత ఫోటో తీసి పంపు. గీత పైకి పోతుందా, అడ్డంగా పోతుందా చూసి, గిన్నెలో ఏం పెంచాలో ఫోన్‌లో చెప్తాను.

మీ పెద్దమ్మ