మ్యాప్‌లో 22 గంటలే చూపిస్తోంది, కాశీకి కారులో పోవచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మాది హైదరాబాద్, ఉప్పల్. ఈ కార్తీకంలో మా అత్తయ్యను కాశీ తీసుకెళ్దామనుకుంటే రైల్లో అన్నీ వెయిటింగ్ లిస్టే. కారులో పోదాం, 1240 కిలోమీటర్లే కదా, మ్యాప్‌లో 22 గంటలు చూపిస్తోంది, సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడిపితే మర్నాడు రాత్రికి కాశీలో ఉంటాం అంటున్నారు మా ఆయన. డ్రైవింగ్ ఆయనొక్కరికే వచ్చు. అత్తయ్యకు 71, షుగరు, మోకాళ్ల నొప్పులు. పిల్లలకు 12, 7. నాకు టెన్షన్‌గా ఉంది. ఎన్ని రోజులు పెట్టుకోవాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ టెన్షన్‌లో తప్పేం లేదమ్మా. ఆ 22 గంటలు కారు లెక్క. షుగరున్న పెద్దావిడకు బాత్రూమ్ కోసం ఎన్నిసార్లు ఆగాలో, చిన్నవాడికి ఎక్కడ వాంతి వస్తుందో మ్యాప్‌కేం తెలుసు? పోయేటప్పుడు నాలుగు రోజులు పెట్టుకోండి, రాత్రి ప్రయాణం మాట ఎత్తొద్దు. మీ ఆయన ఎంత బాగా నడుపుతారన్నది కాదు ఇక్కడ విషయం, తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఎవరికైనా కళ్లు మూతపడతాయి, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న లారీ ఆ టైములోనే తగులుతుంది. కాఫీ తాగితే పోయే నిద్ర కాదది.

మొదటి రోజు నాగపూర్. దాదాపు 500 కి.మీ., పెద్దదే కానీ రోడ్డు బాగుంటుంది కాబట్టి ఒప్పుకుంటాను. ఉదయం నాలుగున్నరకల్లా ఇంట్లోంచి కదిలితే ఔటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్ వైపు వెళ్లి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కొచ్చు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ మీద వంతెన దాటితే మహారాష్ట్ర. పులిహోర ఆ ఒక్క రోజుకే కట్టుకోండి, రెండో రోజుకు దాచొద్దు. ఆ తర్వాత ఇడ్లీ మీద ఆశ వదిలేసి పోహాకు అలవాటు పడండి, మన అటుకుల ఉప్మా లాంటిదే. నాగపూర్‌లో దాని మీద తర్రీ అని ఎర్రటి కారం పులుసు పోస్తారు, అత్తయ్యకు అది లేకుండా చెప్పండి.

రెండో రోజు జబల్పూర్, 270 కి.మీ. చిల్లర. సివనీకి ముందు పెంచ్ అడవి వస్తుంది. అక్కడ రోడ్డు వంతెనల మీదుగా పోతుంది, కింద పులులకు, జింకలకు దారి వదిలారు, మన హారన్లు, లైట్లు వాటిని బెదరగొట్టకుండా పక్కన ఎత్తుగా గోడలు కట్టారు. పిల్లలకు చూపించండి కానీ ఫొటోల కోసం ఆపొద్దు. లఖ్నాదౌన్‌లో మాత్రం జాగ్రత్త, అక్కడ 44 మిమ్మల్ని వదిలేసి సాగర్ వైపు పోతుంది, మీరు జబల్పూర్ బోర్డు పట్టుకోవాలి. నేను ఒకసారి కబుర్లలో పడి తిన్నగా పోయి, ఇరవై కిలోమీటర్లు వెళ్లాక వెనక్కి తిప్పుకున్నాను. మధ్యాహ్నానికల్లా జబల్పూర్ చేరతారు, సాయంత్రం భేడాఘాట్‌లో నర్మద దూకే ధువాఁధార్ చూడొచ్చు. అత్తయ్య నడవలేనంటే రూములో పడుకోనివ్వండి, బలవంతపెట్టొద్దు.

అన్నట్టు ఇది కొత్త దారేం కాదు. 2010లో నంబర్లు మార్చకముందు ఏడో నంబరు జాతీయ రహదారి అంటే ఇదే. వారణాసిలో మొదలై జబల్పూర్, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు మీదుగా కన్యాకుమారి దాకా 2369 కి.మీ. పోయేది. ఇప్పుడదే రోడ్డు లఖ్నాదౌన్ దాకా 44, అక్కణ్నుంచి జబల్పూర్‌కు 34, మన్‌గవాఁ దాకా 30, మిర్జాపూర్‌కు 135 అని ముక్కలైంది. మా వయసు వాళ్లం ఇంకా సెవెన్ అనే అంటాం.

మూడో రోజు రీవా. మధ్యలో మైహర్‌లో శారదమ్మ గుడి కొండ మీద ఉంటుంది, వెయ్యికి పైగా మెట్లున్నా రోప్‌వే ఉంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ వెళ్లొచ్చు. కట్నీ చేరకముందే కర్కటరేఖ దాటతారు, మీ పన్నెండేళ్ల పిల్లకో పిల్లాడికో చెప్పండి, ఫోన్‌లోంచి తలెత్తుతారు.

నాలుగో రోజు రీవా నుంచి కాశీ, 240 కి.మీ. దాకా. హనుమన దాటాక డ్రమండ్‌గంజ్ ఘాట్ దిగాలి, వింధ్య మీద నుంచి కిందికి. పగలే దిగాలి. ఏ గేరులో ఘాట్ ఎక్కుతామో అదే గేరులో దిగమని పాత లారీ డ్రైవర్లు చెప్పేవాళ్లు. సెకండ్‌లోనో థర్డ్‌లోనో ఇంజనే బండిని పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే సగంలో కాలిన వాసన వస్తుంది, అప్పుడు బ్రేకు ఎంత తొక్కినా పట్టదు. ఆటోమేటిక్ అయినా మాన్యువల్ మోడ్‌లో తక్కువ గేరు పెట్టుకోవాలి. ఇంకో సంగతి, కార్తీకంలో అక్కడ మన హైదరాబాద్ కంటే దాదాపు అరగంట ముందే చీకటి పడుతుంది. ఐదున్నరకు ఇంకా వెలుతురుంటుందని లెక్క వేసుకోవద్దు. ప్రయాణం వాయిదా వేస్తే మాత్రం డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా వద్దు, రీవా దాటాక పొద్దున తొమ్మిదైనా మంచు విడవదు, బానెట్ తర్వాత ఏముందో కనపడదు.

కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ్ దీపావళి, గంగ ఒడ్డున దీపాల పండుగ. తెలుగువాళ్ల సత్రాల్లో గది ముందే మాట్లాడుకోకుండా ఆ వారం బయల్దేరొద్దు. గుడి చుట్టూ గల్లీల్లోకి కారు పోదు, బేనియాబాగ్ పార్కింగ్‌లో పెట్టేసి ఈ-రిక్షా ఎక్కండి. తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తామంటే కారు సంగతి మర్చిపోవచ్చు, తిరిగి బయల్దేరే రోజు మాత్రం ఒక గంట ముందు వెళ్లి టైర్లలో గాలి చూసుకోండి.

ప్రశ్న: నెలాఖరుకు గుంటూరు నుంచి కారులో రాజస్థాన్ వెళ్తున్నాం. సర్వీసింగ్ చేయించాను. కారు ఆరేళ్లది, టైర్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి, మార్చాలా? టోల్ పాస్ తీసుకోవడం లాభమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: గట్టిగా ఉన్నాయంటే అరుగుదల చూసి అంటున్నారు. వయసు చూడండి. టైరు పక్క గోడ మీద చిన్న గుడ్డు ఆకారంలో నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. కారుతో పాటు వచ్చిన టైర్లే అయి, పక్కల సన్నగా బీటలు కనిపిస్తుంటే రాజస్థాన్ దాకా వాటిని నమ్ముకోవద్దు. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి, సామానుతో నలుగురు ఐదుగురు ఎక్కుతారు కాబట్టి డ్రైవరు డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కు ఎంత రాశారో అంత.

స్టెప్నీ కూడా చూడమని వేరే చెప్పాలా అనుకోకండి. మూడేళ్ల కింద పాండర్‌కవడా దాటాక నాకు పంక్చరైంది. రెండు పక్కలా పత్తి చేలు, మిట్ట మధ్యాహ్నం, డిక్కీలో ఉన్న సూట్‌కేసులు, పచ్చడి సీసాలు, మా ఆవిడ పూజ సామాను అంతా రోడ్డు పక్కన దించి అడుగున ఉన్న స్టెప్నీ బయటికి లాగితే, బొటనవేలితో నొక్కగానే లోపలికి పోయింది. రెండేళ్లుగా దాని మొహం చూడలేదు మరి. ఒక లారీ డ్రైవరు ఆపి గాలి పట్టి పంపాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. అప్పట్నుంచి లైటర్ సాకెట్‌కు పెట్టే గాలి పంపు ఒకటి, పంక్చర్ కిట్ ఒకటి కార్లోనే ఉంచుతున్నాను. జాకీ పెట్టడం, బోల్టులు విప్పడం ఇంటి ముందే ఒకసారి చేసి చూడండి, గన్‌తో బిగించిన బోల్టు చిన్న పానాకు రాదు. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కు ఫోన్ చేయండి.

ఇక ఫాస్టాగ్ ఏడాది పాస్ విషయం. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మామూలుగా ఒక టోల్ గేటు దాటితే ఒక ట్రిప్పు. రాజస్థాన్ పోయి రావడానికి దారిలో గేట్లు లెక్కపెట్టి చూడండి, నా అంచనా ఈ ఒక్క యాత్రలోనే గిట్టుబాటవుతుంది. కాకపోతే జాతీయ రహదారులకే అది, రాష్ట్రాల ఎక్స్‌ప్రెస్‌వేల మీద మామూలుగానే డబ్బులు కడతారు, కాబట్టి ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఉంచుకోవాల్సిందే. 2025 నవంబరులో తెచ్చిన రూలు ప్రకారం ఫాస్టాగ్ పనిచేయకపోతే నగదు కట్టేవాళ్లకు రెట్టింపు, యూపీఐ అయితే ఒకటింపావు ఉండేది.

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్ విజయవాడ నుంచి గోవా ప్లాన్ చేశాం. తెలిసిన అన్న తన సొంత కారు రోజుకు ఇంత అని ఇస్తానంటున్నాడు, రెంటల్ కంపెనీ కన్నా చాలా చవక. తీసుకోవచ్చా? (ఒక విద్యార్థి)

జవాబు: వద్దు బాబూ. సొంత కారుకు తెల్ల ప్లేటు ఉంటుంది, దాన్ని అద్దెకు తిప్పకూడదు. సెల్ఫ్ డ్రైవ్‌కు ఇచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. దారిలో యాక్సిడెంట్ అయితే, అద్దెకు తిప్పుతున్నారని తేలిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు కారు రిపేరుకు రూపాయి ఇవ్వకుండా తప్పుకోవచ్చు. ఆ ఖర్చు అన్న మీద పడుతుంది, అన్న మీ మీద వేస్తాడు. నల్ల ప్లేటు కారే తీసుకోండి, పక్క రాష్ట్రాలకు పర్మిట్ ఉందా అని అడగండి, తాళాలు చేతికి రాగానే చుట్టూ తిరిగి ప్రతి గీతకూ వీడియో తీసుకోండి, చక్రాల అంచులు, కింద బంపర్ కూడా. నలుగురిలో లైసెన్స్ ఉన్నవాళ్లెందరో రాయలేదు మీరు. ఒక్కడికే ఉంటే, పైన ఉప్పల్ వాళ్లకు రాత్రి ప్రయాణం గురించి చెప్పింది మళ్లీ చదవండి.