ఒంటిగంట దగ్గర కూర్చో తల్లీ

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హిందూపురం. బెంగళూరులో బీడీఎస్ (పంటి డాక్టరు కోర్సు) రెండో సంవత్సరం చదువుతున్నాను. నాది ఎడమచేతి వాటం. బొమ్మ తలల మీద పని నేర్చుకునే ఫాంటమ్ ల్యాబులో, ఫిల్లింగు కోసం పళ్లలో తొలిచే గుంతలు (కావిటీలు) నావి అందరికంటే ఆలస్యమవుతున్నాయి. మెడ పట్టేస్తోంది. కుడిచేత్తో అలవాటు చేసుకోమని మా మేడం అంటున్నారు. చేసుకోనా?
– ఓ పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: వద్దు తల్లీ. నాదీ పుర్రచెయ్యే. అన్నం కుడిచేత్తో తినడం మా జేజి నేర్పింది గానీ, పన్ను తొలిచే ఎయిరోటర్ మాత్రం ఇరవై రెండేళ్లుగా నా ఎడమచేతిలోనే ఉంది.

నీ తంటా చాలావరకు కూర్చునే చోటుతోనే అనిపిస్తోంది. పేషెంటు తల దగ్గర 12 అనుకుని గడియారం లెక్కన చెబుతారు కదా. కుడిచేతివాళ్ల పదకొండు మనకు ఒంటిగంట. నువ్వూ అందరిలాగే పదకొండు దగ్గర కూర్చుని, నడుం తిప్పి ఎడమచెయ్యి చాపుతున్నావేమో చూసుకో. మెడ పట్టకేం చేస్తుంది!

ఇంకోటి, ఎయిరోటర్ ట్యూబు. అది తగిలించి ఉండే యూనిట్టు ఎక్కువగా పేషెంటు కుడిపక్కనే ఉంటుంది. నా రెండో సంవత్సరంలో ఆ ట్యూబుని బొమ్మ మీదుగా ఇటు లాగితే బర్ల (ఎయిరోటర్‌కి బిగించే తొలిచే ముక్కల) డబ్బా తగిలి బోర్లాపడింది. తల ఆవగింజంత కూడా లేని రౌండు బర్ల కోసం బల్ల కింద దేకుతుంటే బ్యాచ్ అంతా ఒకటే నవ్వు. మర్నాడు వరసలో ఎడమ చివరి సీటు అడిగి తీసుకున్నాను. పక్కవాడి కుడి మోచేయి తగిలే బాధ కూడా వదిలింది.

డెమో చూసేటప్పుడు సార్ వెనక నిలబడకు. ఎదురుగా, బొమ్మకు అవతలి పక్కన నిలబడు. అద్దంలో నిన్ను నువ్వు చూసుకున్నట్టే ఉంటుంది. ఆయన 46 (కింది కుడి మొదటి పెద్ద దవడ పన్ను) మీద చేసి చూపిస్తే, నువ్వు ముందు 36 (ఎడమవైపు అదే పన్ను) మీద చెయ్యి. తర్వాత 46 పట్టుకో. వచ్చే ఏడాది పళ్లు పీకేటప్పుడూ ఇదే లెక్క: కింది కుడి పళ్లకు కుడిచేతివాళ్లు పేషెంటు వెనక్కి వెళతారు, నువ్వు కింది ఎడమ పళ్లకు వెళ్లాలి.

పనిముట్ల గురించి టెన్షన్ వద్దు. నోట్లో పెట్టి చూసే మిర్రర్‌కీ, పన్ను తడిమి చూసే ఎక్స్‌ప్లోరర్‌కీ కుడిఎడమలు లేవు. గుంత అంచు సరిచేసే జింజైవల్ మార్జిన్ ట్రిమ్మర్లు ఎలాగూ కుడిఎడమల జతగానే వస్తాయి.

మేడంని రెండు వారాలు గడువు అడుగు. ఈలోగా నీ కుడిచేతికీ పనిపెట్టు. దాంతో మౌత్ మిర్రర్ పట్టుకుని, అందులోనే చూస్తూ ఎడమచేత్తో రాయి. మా హాస్టల్ గదిలో వారంపాటు పాలప్యాకెట్ల లెక్క నేనట్లాగే రాశాను. ఆ లెక్క మా రూమ్మేటుకి ఇప్పటికీ అనుమానమే.