మూడు రాత్రుల పడవకు 1,280 పౌండ్లా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, రీడింగ్‌లో ఉంటున్నాం. బడికెళ్ళే పిల్లల్లేరు. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. ఆగస్టు బ్యాంక్ హాలిడేకి కెనెట్ అండ్ ఏవన్ కాలువలో నారోబోట్ (లోపలే వండుకుని పడుకునే సన్నటి పొడుగు పడవ) అద్దెకు అడిగితే మూడు రాత్రులకు 1,280 పౌండ్లు అన్నారు. సెప్టెంబరు మధ్యలో అయితే 890. బ్యాంకులో 3,500 ఉన్నాయి, నెలకు 800 మిగులుతాయి. క్రెడిట్ కార్డు బాకీ 2,300, వడ్డీ 24 శాతం. అద్దె దండగ, ఇద్దరం కలిసి 40,000కు పాత బోటు కొని అద్దెకిద్దాం అంటున్నాడు ఫ్రెండ్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కార్డు బాకీ తీర్చేయండి. బ్యాంకులో డబ్బు పెట్టుకుని నెలకు దాదాపు 46 పౌండ్లు వడ్డీ కడుతున్నారు. తీర్చాక 1,200 మిగులుతాయి. వాటిని ముట్టుకోకండి. ట్రిప్పు డబ్బు ఈ రెండు నెలల మిగులులోంచి తీయండి.

బాకీ తీరాక బోటు అద్దె ఆ కార్డుతోనే కట్టండి. 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 ప్రకారం 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉన్నవాటికి కార్డు కంపెనీ కూడా బాధ్యురాలే. బోటువాళ్ళు మూతపడితే డబ్బు అడగొచ్చు. అడ్వాన్సు ఒక్కటే కార్డుతో కట్టినా మొత్తానికి వర్తిస్తుంది. బిల్లు రాగానే పూర్తిగా కట్టేయాలి సుమా.

తేదీ విషయంలో నాకు సందేహమే లేదు, సెప్టెంబరే. అదే పడవ, అదే కాలువ, 390 తక్కువ. బడులు తెరిచేసి ఉంటారు కాబట్టి రద్దీ కూడా తగ్గుతుంది.

బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో, లాకుకు బాత్ వైపున ఎక్కండి. బాత్ ఊరి లాకుల దాకా దాదాపు 10 మైళ్ళు, మధ్యలో ఒక్క లాకూ లేదు. ఏవన్‌క్లిఫ్, డండాస్ దగ్గర కాలువే వంతెనెక్కి నదిని దాటుతుంది. గోదావరి లాకులు చూసిన మీ నాన్నగారికి అది చూపించాల్సిందే. వేగం గంటకు 4 మైళ్ళకు మించకూడదు, కట్టేసిన పడవల పక్కన ఇంకా తగ్గించాలి. గట్టు మీద నడిచేవాళ్ళు మిమ్మల్ని దాటిపోతారు. డివైజెస్ వైపు మాత్రం తిప్పకండి, అక్కడ వరుసగా 29 లాకులు. సెలవంతా తలుపులు తోయడంతోనే సరిపోతుంది.

ఇక మీ ఫ్రెండ్ ఐడియా. వద్దు. కాలువల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్టుకు ఏటా లైసెన్సు ఫీజు, కట్టేసుకునే చోటుకు అద్దె, ఇన్సూరెన్సు, నాలుగేళ్ళకోసారి సేఫ్టీ సర్టిఫికెట్, రెండు మూడేళ్ళకోసారి పైకి లాగి తుప్పు పట్టకుండా అడుగున నల్లరంగు. అద్దెకివ్వాలంటే సొంతానికి తీసుకున్న లైసెన్సు పనికిరాదు, వ్యాపార లైసెన్సు వేరు. ఇల్లైతే కింద స్థలం ఉంటుంది. పడవ కింద నీళ్ళే కదా, పాతబడేకొద్దీ ధర పడిపోతుంది.

బుక్ చేసేముందు డీజిల్ అద్దెలో కలిసిందా, నడిపిన గంటలకు వేరేనా అని అడగండి. డ్యామేజ్ వేవర్ (పడవ దెబ్బతింటే మీ మీద పడే ఖర్చు తగ్గించడానికి ముందే కట్టే రుసుము) ఎంతో కూడా. పాపికొండల లాంచీలో సరంగు ఉంటాడు, ఇక్కడ సరంగు మీరే. చుక్కాని కర్ర ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. మొదటి గంటలో గట్టుకు రాసుకోవడం మామూలే. అందుకని వేవర్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి.